పెళ్లి ఫొటోలకి రెండు మాన్యువల్ ఫ్లాష్‌లా, ఒక్క టీటీఎల్ ఫ్లాషా?

రాజోలు కుర్రాడు:
మూడేళ్లుగా కెమెరా మీది పాత ఫ్లాష్‌తోనే నెట్టుకొస్తున్నానండి. మొన్న కొబ్బరితోటలో పెళ్లి తీస్తే ముఖాలు సున్నం కొట్టినట్టు, వెనకంతా చీకటి. ఫ్లాష్‌ని పైకప్పుకి కొట్టి వెలుగు బౌన్స్ చేద్దామంటే పైన ఆకాశం తప్ప ఏముంది? ఫ్లాష్‌ని కెమెరా మీంచి దించక తప్పదు. టీటీఎల్ ఉన్న, అంటే కెమెరా కొలతని బట్టి వెలుగు దానంతటదే సర్దుకునే గోడాక్స్ కంపెనీ టీటీ685 రెండో మోడల్ ఒకటి కొనే డబ్బులకి, పవర్ మనమే పెట్టుకునే మాన్యువల్ టీటీ600లు దాదాపు రెండొస్తున్నాయి. శ్రావణం ముహూర్తాలకి ఏది కొనమంటారు?

భీమవరం స్టూడియో:
రెండు మాన్యువల్‌వే, సందేహం లేదు. మండపంలో జంట కూర్చున్న చోటు మారదు కదా. రెండు పక్కలా స్టాండ్లు వేసి, ఒకటి 1/8, ఇంకోటి 1/16 పవర్‌లో పెట్టండి. వాళ్లకీ ఫ్లాష్‌కీ దూరం మారనంతసేపూ మీరు ముందుకొచ్చినా వెనక్కెళ్లినా ఫొటోలో పడే వెలుగు (ఎక్స్‌పోజర్) అదే. టీటీఎల్ తెల్ల మధుపర్కాలు చూసి వెలుగు తగ్గిస్తుంది, వెనక చీకటి చూసి పెంచేస్తుంది. తలంబ్రాల ఫొటోలు ఒక్కోటి ఒక్కోలా వస్తే ఆల్బమ్ దగ్గర కూర్చుని ఏడవాలి.

అమలాపురం నుంచి:
మండపం వరకూ సరేనండి. ఊరేగింపులో? లైటు పట్టుకున్న కుర్రాడు మీటరు దూరం నుంచి రెండు మీటర్లకి జరిగితే వెలుగు నాలుగో వంతే. ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది, అంటే రెండు స్టాపులు పోయాయి. బ్యాండు మోతలో మీరు చెప్పేది వాడికి వినపడుతుందా?

భీమవరం స్టూడియో:
స్టాండుకి ఆరడుగుల పురికొస కట్టాను. షాట్ ముందు రెండో కొస పట్టుకుని ఒకసారి చాచి చూపిస్తే చాలు, మా వాడికి దూరం తెలుస్తుంది. నవ్వితే నవ్వండి, పని జరుగుతోంది. పవర్ ఎలాగూ కెమెరా మీద బిగించే ట్రిగ్గర్ (ఫ్లాష్‌ని దూరం నుంచి వెలిగించే రిమోట్) మీంచే మార్చుకోవచ్చు.

తణుకు పాత కాపు:
పాత ఫ్లాష్‌ని ఆప్టికల్ స్లేవ్‌లో, అంటే ఇంకో ఫ్లాష్ వెలుగు చూసి తనూ వెలిగేలా పెట్టి వాడుకుందామని మాత్రం అనుకోవద్దు. నేను అలాగే పెడితే బంధువుల ఫ్లాష్ వెలిగినప్పుడల్లా అదీ వెలిగింది. జీలకర్ర బెల్లం వేళకి వేడెక్కి మొరాయించింది. రేడియో ట్రిగ్గరే కావాలి. టీటీ600లో రిసీవర్ లోపలే ఉంటుంది. ఒక్కోదానికి నాలుగు ఏఏ సైజు పెన్ను సెల్స్ కావాలి. మామూలువి కాకుండా 2000 ఎంఏహెచ్ రీఛార్జబుల్ సెల్స్ రెండు సెట్లు ఉంచుకోండి. సోనీ కెమెరా మీద బిగించేదైతే ‘ఎస్’ మోడల్ అడగండి. వెలుగు మెత్తబడ్డానికి ఫ్లాష్ ముందు పెట్టే తెల్ల గొడుగు మర్చిపోకండి, కానీ గాలికి స్టాండు పడుతుంది. నేను ఇసుక సంచి మోయను. తోటలోనే నాలుగు కొబ్బరికాయలు సంచిలో వేసి వేలాడదీస్తా.

అమలాపురం నుంచి:
ఒక సంగతి ఎవరూ అనలేదు. ట్రిగ్గర్ కెమెరా మీద కూర్చుంటే అక్కడ ఫ్లాష్‌కి చోటుండదు. టీటీ685 రెండో మోడల్ తనే ట్రాన్స్‌మిటర్‌గా పనిచేస్తుంది. అది కెమెరా మీద టీటీఎల్‌లో, ఒక్క టీటీ600 స్టాండు మీద మాన్యువల్‌లో. ట్రిగ్గర్ ఖర్చు మిగిలింది కాబట్టి రెండు టీటీ600లూ ట్రిగ్గరూ కొన్నదానికి కాస్త అటూఇటూ అంతే అవుతుంది.

భీమవరం స్టూడియో:
ఆయ్, ఇది బాగానే ఉందండి. కానీ మండపంలో రెండో పక్క నీడ పడుతుంది, చూసుకోండి.

రాజోలు కుర్రాడు:
అమలాపురం వారి లెక్కే నా జేబుకి సరిపోయేలా ఉంది. నీడ సంగతి రెండో టీటీ600 కొన్నాక చూస్తా. పురికొస మాత్రం ఇవాళే కట్టేస్తున్నా.