2012 ఆడి టీటీ, 31 వేల కిలోమీటర్లే తిరిగింది. కొనొచ్చా? (బెంగళూరు)

కుప్పం టు కోరమంగళ:

అందరికీ నమస్కారం. ఇల్లు కోరమంగళ, ఉద్యోగం వైట్‌ఫీల్డ్. ఆఫీసుకు పాత ఐ20 ఉంది, దాన్ని అమ్మను. రెండు డోర్ల స్పోర్ట్స్ కారు ఒకటి కొనాలని చాలా ఏళ్లుగా కోరిక. ఆదివారం పొద్దున్నే నంది కొండ వైపు, వీలైనప్పుడు కుప్పంలో అమ్మావాళ్ల దగ్గరికి, అంతే వాడకం.

జేపీ నగర్‌లో ఒక డీలర్ దగ్గర 2012 ఆడి టీటీ 2.0 టీఎఫ్‌ఎస్‌ఐ క్వాట్రో (నాలుగు చక్రాల డ్రైవ్) చూశాను. కేఏ రిజిస్ట్రేషన్, రెండో ఓనర్, 31 వేల కిలోమీటర్లు. 19 లక్షలు చెప్తున్నాడు. నా దగ్గర మొత్తం ఉన్నది 20. "తిరగనే లేదు సార్, కొత్త బండి కిందే లెక్క" అంటాడు. సర్వీస్ కాగితాలు 2018 దాకా ఉన్నాయి. ఆ తర్వాత బయట గ్యారేజీలో చేయించారట, బిల్లులు లేవు.

ఈ ఇంజిన్ ఆయిల్ తాగుతుందని, టైమింగ్ చైన్ జారితే ఇంజినే పోతుందని చదివి టెన్షన్ పట్టుకుంది. గేర్‌బాక్స్ గురించి ఒక్కొక్కరిది ఒక్కో మాట. మా నాన్నేమో "ఆ డబ్బుతో ఫ్లాట్‌కి అడ్వాన్స్ కట్టరా" అంటున్నారు. తెలిసినవాళ్లు ఏం చూడాలో చెప్పండి.

సిల్క్‌బోర్డ్ సన్యాసి:

నాన్నగారితో నువ్వే తేల్చుకో, నేను కారు సంగతి చెప్తాను. నా దగ్గరున్నదీ ఇదే 8జే బాడీ, అంటే రెండో తరం టీటీ. చాసిస్ నంబర్ టీఆర్‌యూతో మొదలవుతుంది చూడు, అంటే హంగరీలోని గ్యోర్‌లో తయారైందని. పదో అక్షరం మోడల్ ఇయర్. 'సి' ఉంటే 2012, 'బి' ఉంటే 2011. ముందు అది చూసి, ఆర్‌సీతో సరిపోల్చు.

31 వేలు అనగానే నువ్వు మెత్తబడ్డావు, అది నీ రాతలోనే తెలుస్తోంది. పదమూడేళ్లకు పంచి చూడు, ఏడాదికి రెండున్నర వేలు కూడా రాదు. అంటే ఆ కారు అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో కవర్ కప్పుకుని పడుంది, లేదంటే ఇందిరానగర్ నుంచి ఎంజీ రోడ్‌కి కాఫీ తాగడానికి వెళ్లొచ్చింది. ఇంజిన్ ఆయిల్ సరిగ్గా వేడెక్కకముందే ఆపేసిన తిరుగుడు అదంతా. ఈ ఇంజిన్‌లో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి చిమ్ముతుంది. పాత రకం ఇంజిన్లలో లాగా ఇన్‌టేక్ వాల్వుల మీదుగా పోదు కాబట్టి వాటికి పట్టిన మసి కడగడానికి ఏమీ ఉండదు. క్రాంక్‌కేస్ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి వాటి మీద గట్టిగా అట్ట కడుతుంది. పొట్టి తిరుగుళ్లలో అది ఇంకా ఎక్కువ. చల్లగా ఉన్నప్పుడు ఐడిల్‌లో ఇంజిన్ వణుకుతుంటే ఇదే అని అనుమానించు. దీనికి మందు ఉంది: ఇన్‌టేక్ మేనిఫోల్డ్ విప్పి, వాల్‌నట్ తొక్కల పొడితో బ్లాస్టింగ్ చేస్తారు. భయపడాల్సిన పని కాదు, ధరలోంచి కోసేయాల్సిన ఖర్చు.

కిలోమీటర్లు తక్కువైతే ఇంకో చిక్కు ఉంది. ఈ కారులో గేర్‌బాక్స్ ఆయిల్, ఫిల్టర్ 60 వేల కిలోమీటర్లకు మార్చాలి. మన డీలర్ దానికి చెప్పే జవాబు నాకు ఇప్పుడే వినిపిస్తోంది: "ఇంకా సగమే అయింది సార్." పదమూడేళ్ల పాటు అదే ఆయిల్! వెనక చక్రాలకు పవర్ పంపే హాల్డెక్స్ కప్లింగ్‌దీ ఇదే కథ. నన్నడిగితే 31 వేలు తిరిగి బిల్లులు లేని బండి కంటే, 80 వేలు తిరిగి ప్రతి ఆయిల్‌కీ బిల్లున్న బండికి లక్ష ఎక్కువిస్తాను.

ఇక చైన్. మొదట్లో వచ్చిన 200 హార్స్‌పవర్ టీటీలో ఉన్నది ఈఏ113 ఇంజిన్. దానికి టైమింగ్ బెల్టు, దాని జబ్బు హై ప్రెజర్ ఫ్యూయల్ పంపు కింద ఉండే కామ్ ఫాలోవర్ అరిగిపోవడం. నువ్వు చూసిన దాంట్లో ఉండేది 211 హార్స్‌పవర్ ఈఏ888, దానికి చైన్. చైన్‌ని బిగించి పట్టే టెన్షనర్ ఆయిల్ ప్రెజర్‌తో పనిచేస్తుంది. పాత రకం టెన్షనర్‌లో లాక్ పళ్లు పట్టు తప్పితే, ఇంజిన్ ఆపాక చైన్ వదులవుతుంది. మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు పళ్లు దాటిందంటే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుంటాయి. అక్కడితో ఇంజిన్ అయిపోయినట్టే. తర్వాత ఆ పార్టును మార్చి మెరుగైనది తెచ్చారు. 2012 బండంటే గోడ మీద పిల్లి, ఏ రకం ఉందో విప్పితే గానీ తెలియదు అంటారు. అంత అవసరం లేదు. టైమింగ్ కవర్ కింది భాగంలో రబ్బరు బిరడా ఉంటుంది, అది తీసి టార్చ్ వేస్తే తెలిసిన మెకానిక్ చెప్పేస్తాడు. స్కానర్‌లో కామ్‌షాఫ్ట్ ఫేజ్ పొజిషన్ కూడా చూపించమను. సున్నాకి దగ్గరుంటే చైన్ సాగలేదన్నట్టు.

ఆయిల్ తాగడం నిజమే. ఆ తరం పిస్టన్లలో ఆయిల్ రింగులు సన్నవి, వాటి రంధ్రాలు పూడుకుపోతాయి. వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు దాకా మామూలే అని కంపెనీ పుస్తకమే రాస్తుంది. అందుకే "నార్మల్ సార్" అన్న మాటకు విలువ లేదు. సర్వీసుకూ సర్వీసుకూ మధ్య టాప్‌అప్ ఆయిల్ బిల్లులున్నాయేమో వెతుకు. వేడెక్కిన ఇంజిన్‌ని ఐదు నిమిషాలు ఐడిల్‌లో వదిలి, ఒక్కసారి రేజ్ చేస్తే వెనక నీలం పొగ వస్తుందేమో ఒక మనిషిని నిలబెట్టి చూడు.

టెస్ట్ డ్రైవ్‌కి వాడు నైస్ రోడ్ అంటాడు, వద్దు. సాయంత్రం ఆరింటికి సిల్క్‌బోర్డ్ వైపు పోనీ. ఈ ఆరు గేర్ల డీఎస్‌జీలో (రెండు క్లచ్చుల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) క్లచ్చులు ఆయిల్‌లో మునిగుంటాయి, ఏడు గేర్ల డ్రై క్లచ్ దానికంటే గట్టి పిండం. కానీ మెకట్రానిక్స్, అంటే గేర్లు మార్చే కంట్రోల్ యూనిట్, దెబ్బతింటే అది బయటపడేది వేడెక్కి, పాకుతూ పోయే ట్రాఫిక్‌లోనే. రెండు నుంచి ఒకటికి దిగేటప్పుడు కుదుపు ఉందా? బేస్‌మెంట్ ర్యాంప్ మీద రివర్స్‌లో ఆగి ఆగి ఎక్కించు, తన్నుతుందా?

పొద్దున్న వెళ్లేటప్పుడు మాత్రం ముందే ఫోన్ చేసి, నువ్వు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే ఇంకో రోజు రా. చైన్ గలగల వినిపించేది మొదటి రెండు మూడు సెకన్లే.

బెజవాడ పిల్ల, జేపీ నగర్:

సన్యాసి గారు ఇంజిన్ చెప్పేశారు, నేను కాగితాలు చెప్తాను.

2012 రిజిస్ట్రేషన్ అంటే ఆర్‌సీ గడువు 2027లో తీరుతుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చేయించి రెన్యువల్. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు మామూలు కారుకు 5,000, దిగుమతి చేసుకున్న కారుకు 40,000. టీటీ మన దేశంలో తయారు కాలేదు, అది పూర్తిగా దిగుమతి బండి. బేరంలో ఈ 40 వేలు గుర్తుపెట్టుకోండి, డీలర్ మాత్రం గుర్తుచేయడు.

హైదరాబాద్ బండి రెండు లక్షలు తక్కువకు వస్తుందని ఎవరైనా ఆశపెడితే తొందరపడకండి. వేరే రాష్ట్రం బండి 12 నెలలు దాటి ఇక్కడ ఉంటే కేఏ నంబర్ చేయించాలి. 20 లక్షలు దాటిన కార్లకు కర్ణాటక లైఫ్‌టైమ్ ట్యాక్స్ 18 శాతం, దానిపై సెస్. వయసును బట్టి తగ్గిస్తారు గానీ, లెక్క మొదలయ్యేది మీరు ఇచ్చిన ధర నుంచి కాదు. కేఏ బండే చూస్తున్నారు కాబట్టి ఈ బాధ లేదు.

లోన్ ఉండి తీరిపోయిన బండైతే ఫారం 35 (ఆర్‌సీలోంచి లోన్ తీసేయించే కాగితం), బ్యాంక్ ఎన్‌ఓసీ అడగండి. మొదటి ఓనర్ లోన్ ఆర్‌సీలో అలాగే మిగిలిపోయిన బళ్లు చాలా ఉంటాయి. నంబర్ కొట్టి ట్రాఫిక్ చలాన్లు చూడండి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరుకు మార్చుకోవాలి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, అది మనిషితో పోతుంది. క్లెయిమ్ చరిత్ర కూడా తీయించండి. 2022 సెప్టెంబరులో బెళ్లందూరు, యమలూరు వైపు ఎన్ని ఖరీదైన కార్లు మునిగాయో అందరం చూశాం. సీటు బెల్టు మొత్తం బయటికి లాగి చివర మట్టి చార ఉందేమో చూడండి.

మాన్యువల్ మాత్రమే:

ఈ డీఎస్‌జీ తలనొప్పి ఎందుకు బ్రదర్? పాత నిస్సాన్ 370జెడ్ వెతుక్కో. టర్బో లేదు, వీ6, వెనక చక్రాల డ్రైవ్. అసలు స్పోర్ట్స్ కారంటే అదీ.

సిల్క్‌బోర్డ్ సన్యాసి:

నడపడానికి అదే బాగుంటుంది, ఒప్పుకుంటాను. కానీ తలనొప్పి దానికీ ఉంది. క్లచ్ స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్ లోపల కూర్చుంటుంది, అది కారితే గేర్‌బాక్స్ దించాల్సిందే. మొదటి ఏళ్ల బళ్లలో ఆయిల్ గ్యాలరీ గాస్కెట్ పోయి ఆయిల్ ప్రెజర్ పడిపోతుంది, దానికి ఇంజిన్ ముందు భాగమంతా విప్పాలి. పైగా ఈ దేశంలో అమ్ముడైనవే వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. టీటీ ఇంజిన్ భాగాలు చాలావరకు అదే కుటుంబపు స్కోడా, ఫోక్స్‌వాగన్ కార్లకూ వస్తాయి, జేసీ రోడ్ స్పేర్ పార్టుల షాపుల్లో అడిగితే కనీసం ఏ పార్టో అర్థమవుతుంది.

కుప్పం టు కోరమంగళ:

అన్నా, వెళ్లొచ్చాను. మొదటిసారి వెళ్తే బానెట్ వెచ్చగా ఉంది. "బ్యాటరీ కోసం స్టార్ట్ చేశాం సార్" అన్నాడు. తిరిగొచ్చేసి, మర్నాడు షాపు తెరవకముందే గేటు దగ్గర నిలబడ్డాను. చైన్ శబ్దం లేదు. నాతో వచ్చిన మెకానిక్ కొత్త రకం టెన్షనరే అన్నాడు. నీలం పొగ లేదు. కానీ ఇన్‌టేక్ కింద, వాటర్ పంప్ దగ్గర గులాబీ రంగులో ఎండిన చారలున్నాయి. కుడివైపు డోర్ తీస్తే అద్దం కొంచెం కిందికి దిగాలి కదా, దిగట్లేదు. టైర్ల మీద 2214 అని ఉంది. ముందు ఎడమ ఫెండర్ మీద పెయింట్ మందం కొలిచే గేజ్ ఏమీ చూపించలేదు, అది మంచిదేనా?

సిల్క్‌బోర్డ్ సన్యాసి:

గేజ్ ఏమీ చూపించలేదంటే అది ఇనుము మీద మాత్రమే పనిచేసే చవక గేజ్. ఈ బాడీలో దాదాపు 69 శాతం అల్యూమినియం. ఫెండర్లు, బానెట్ అల్యూమినియమే. డోర్లు, డిక్కీ మూత స్టీలు. రెండిటికీ పనిచేసే గేజ్ తీసుకెళ్లు, రెండొందల మైక్రాన్లు దాటిన చోట మళ్లీ రంగు వేశారనుకో. అల్యూమినియంని స్టీలు లాగా లాగి సరిచేసే షాపులు తక్కువ. అందుకే ముందు భాగం దెబ్బతిన్న టీటీ ఎంత చవకైనా నేను ముట్టుకోను.

గులాబీ చారలు కూలెంట్‌వి. వాటర్ పంప్, థర్మోస్టాట్ హౌసింగ్ ప్లాస్టిక్‌ది, వయసుకు పగులుతుంది. ఈ ఇంజిన్‌లో అందరికీ వచ్చేదే, మార్చేస్తే అయిపోతుంది. డోర్‌ది లాక్ లోపలి మైక్రోస్విచ్ అయ్యుండొచ్చు. అద్దం దిగకుండా డోర్ బలంగా వేస్తూ పోతే రబ్బరు చిరుగుతుంది, వానాకాలం నీళ్లు లోపలికే. 2214 అంటే 2014లో 22వ వారం. అరుగుదల చూడకు, నాలుగూ ఒకేసారి మార్చు. క్వాట్రోలో రెండు కొత్తవి, రెండు పాతవి పనికిరావు.

వెనక స్పాయిలర్ బటన్ నొక్కి లేపి చూశావా? అది దానంతటది లేచేది 120 దాటాకే, బెంగళూరులో ఆ వేగం ఎవడికీ రాదు కాబట్టి మోటారు జామ్ అయినా ఓనర్‌కి తెలియదు.

నీ 20లో రెండున్నర మూడు లక్షలు మొదటి ఏడాదికి పక్కన పెట్టాలి. కాబట్టి నువ్వు అడగాల్సింది పదహారున్నర. పదిహేడు దాటితే లేచి వచ్చేయ్. ఫెండర్ దగ్గర మళ్లీ రంగు పడిందని తేలితే అదీ వద్దు.

కుప్పం టు కోరమంగళ:

స్పాయిలర్ లేస్తోంది, దిగేటప్పుడు కిర్రుమంటోంది. కొత్త గేజ్‌తో ఫెండర్ చూశాను, 120 మైక్రాన్ల దగ్గర ఉంది. 16.8కి ఒప్పుకున్నాడు. గేర్‌బాక్స్, హాల్డెక్స్ ఆయిల్ తనే మార్పించి ఇస్తానంటున్నాడు. సరేననొచ్చా?

సిల్క్‌బోర్డ్ సన్యాసి:

అనకు. ఆ పని ఖర్చు ధరలో తగ్గించమను, నీ మెకానిక్ దగ్గర నువ్వు నిలబడి చేయించుకో. వాడే చేయిస్తానని పట్టుబడితే బిల్లులో లీటర్లు రాయించు. గేర్‌బాక్స్‌కి ఐదు లీటర్లకు పైనే పడుతుంది. రెండు లీటర్లని రాసి ఉంటే ఏం జరిగిందో నీకే తెలుస్తుంది. తీసిన పాత ఫిల్టర్ కూడా అడిగి తెచ్చుకో.