ఫ్రాంక్ అనే పేరూ, ‘ఫ్రాంక్‌గా చెప్పాలంటే’లో ఫ్రాంకూ ఒకటేనా?

ప్రశ్న:
మా టీములో లండన్ నుంచి ఫ్రాంక్ అనే ఆయన ఉన్నాడు. మనమేమో మాటకు ముందు ‘ఫ్రాంక్‌గా చెప్పాలంటే’ అంటుంటాం. ఈ రెంటికీ చుట్టరికం ఉందా? తెలిసినవాళ్లు చెప్పగలరు.

జవాబు 1:
ఉందండీ, దగ్గరి చుట్టరికమే. రైన్ నది దిగువన ఉండే ఫ్రాంకులనే జర్మానిక్ తెగ, క్లోవిస్ రాజు కాలానికి, అంటే 500 ప్రాంతానికి, గాల్ దేశంలో, అంటే ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతంలో, చాలా భాగం గెలుచుకుంది. ఫ్రాన్స్‌కి ఆ పేరు వాళ్లవల్లే. ఏలేవాళ్లు కాబట్టి పూర్తి స్వేచ్ఛ వాళ్లకీ, వాళ్ల అండ ఉన్నవాళ్లకీ మాత్రమే. దాంతో తెగ పేరే లాటిన్‌లో ‘స్వతంత్రుడు’ అనే మాటయింది. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వెళ్లాక కూడా ముందు అర్థం అదే. దాపరికం లేకుండా మాట్లాడటం అనే అర్థం 16వ శతాబ్దంలో వచ్చింది. ఎవరికీ జడవనక్కర్లేనివాడే కదా ఉన్నమాట అనగలిగేది! ఈ మాట మీద నాకు అంత ఇష్టం అందుకే.

నేను తపాలా శాఖలో చేసి రిటైరయ్యాను. కవర్ల మీద ముద్ర వేసే ఫ్రాంకింగ్ మిషనుదీ ఇదే వంశం. బ్రిటన్‌లో పార్లమెంటు సభ్యుడు కవరు మీద సంతకం చేస్తే ఉత్తరం ఉచితంగా వెళ్లేది. ఆ సంతకాన్నే ఫ్రాంక్ అనేవాళ్లు. స్నేహితుల ఉత్తరాలకీ చేసి పెట్టేవాళ్లు. 1840లో దేశంలో ఎక్కడికైనా ఒక్క పెన్నీకే ఉత్తరం చేరవేసే పెన్నీ పోస్టు రావడంతో ఆ సదుపాయం తీసేశారు, మాట మాత్రం నిలిచింది. ఇప్పుడు ఆ ముద్ర ఉందంటే డబ్బు కట్టేశారని అర్థం.

జవాబు 2:
చాలామందికి ఫ్రాంక్ అనేది ఫ్రాన్సిస్‌కి పొట్టిపేరు. గాయకుడు ఫ్రాంక్ సినాట్రా అసలు పేరు ఫ్రాన్సిస్ ఆల్బర్ట్. ఇటలీలోని అసిసీ ఊరి సెయింట్ ఫ్రాన్సిస్‌కి మొదట పెట్టిన పేరేమో జొవాన్ని. బట్టల వ్యాపారి అయిన తండ్రి ఫ్రాంచెస్కో అని పిలిచాడు, అంటే ఫ్రెంచివాడని.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. మరి మన ఫిరంగి?

జవాబు 1:
అదీ వీళ్లదేనండీ! క్రూసేడులకు, అంటే జెరూసలేం కోసం క్రైస్తవులు చేసిన యుద్ధాలకు, వచ్చిన పడమటివాళ్లందరినీ అరబ్బులు ‘ఫరంజ్’ అన్నారు. పారసీలో ‘ఫరంగీ’ అయి మన దేశానికొచ్చింది. యూరప్ వాళ్లు మనకు పరంగులయ్యారు, వాళ్ల పేరే పెద్ద తుపాకికీ వచ్చి ఫిరంగి అయింది. మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్‌ని తమిళులు పరంగిమలై అనే అంటారు. చిత్తూరు వైపువాళ్లెవరైనా ఉంటే బొప్పాయిని ఏమంటారో అడగండి, పరంగి పండు అంటారు.