పాత మారుతి 800లో శబ్దం తగ్గించే షీట్లు, కార్పెట్టు: ముందుగా ఏమి చూసుకోవాలి?

నాగావళి800 (శ్రీకాకుళం):

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు 1997లో కొన్న మారుతి 800 ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. ఇంజను పని, రంగు పని పూర్తయ్యాయి, ఇక లోపలి భాగం మిగిలింది. టెక్కలి నుంచి శ్రీకాకుళం వరకు జాతీయ రహదారి మీద సుమారు 50 కిలోమీటర్లు వస్తాం. వేగం 60 దాటిందంటే పక్కన కూర్చున్న అమ్మతో గొంతు పెంచి మాట్లాడవలసి వస్తోంది. ఆమెకు వినికిడి కొంత తగ్గింది. అందువల్ల ఈ మధ్య మాట్లాడడమే మానేసి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటున్నారు. ఈ పని చేయించాలని నేను పట్టుబట్టడానికి అసలు కారణం అదే.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు బండి వారం రోజులు తడి షెడ్డులోనే ఉండిపోయింది. ఆ తరువాత సీటు కవర్లు కుట్టే ఒక దుకాణంలో కొత్త కార్పెట్టు వేయించాను. కింద రేకు ఆరిందో లేదో చూడకుండానే వారు జిగురు పూసి అంటించేశారని మొన్న సీట్లు విప్పినప్పుడు తెలిసింది. డ్రైవరు కాళ్ల దగ్గర కార్పెట్టు ఎత్తితే వెనుకవైపు తుప్పు పొడి మందంగా అంటుకుని వచ్చింది. స్క్రూడ్రైవరుతో పొడిచి చూస్తే, రూపాయి బిళ్లంత మేర రేకు లోపలికి దిగిపోయింది.

ఇప్పుడు తారు షీటు చవకని ఒకరు, బ్యూటైల్ (మెత్తని రబ్బరు) షీటే మంచిదని ఇంకొకరు, జనపనార ఫెల్టు (నారను ఒత్తి చేసిన దళసరి పరుపు) చాలని మరొకరు చెబుతున్నారు. ఏది వేయాలి, ఎంత మేర వేయాలి, కార్పెట్టు నేనే కోసుకోవచ్చా అన్నవి తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

రాజాం టింకరు:

బాబూ, నమస్కారం. షీటు సంగతి తరువాత చూద్దాం. ఆ రేకు తుఫాను నీటితోనే పోయిందని నేను అనుకోవడం లేదు. వారం రోజుల తడికి రేకు చిల్లు పడదు, ఏళ్ల తరబడి నీరు దిగుతూ ఉంటేనే పడుతుంది. ఈ బండ్లలో ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు గట్టిపడి పగులుతుంది. నీరు అక్కడ చేరి, డాష్‌బోర్డు వెనుక నుంచి జారి, సరిగ్గా మీరు చెప్పిన చోటికే వస్తుంది.

కార్పెట్టు మొత్తం తీసేసి, ఫ్లోరు ఆరబెట్టి, అద్దం అంచుల లోపలివైపు టాల్కం పౌడరు చల్లండి. ఒకరు లోపల టార్చి పట్టుకుని కూర్చోవాలి, ఇంకొకరు బయట పైపుతో నీళ్లు పట్టాలి. కిందినుంచి మొదలుపెట్టి నెమ్మదిగా పైకి రావాలి, ఒకేసారి పైనుంచి పోస్తే ఎక్కడినుంచి వచ్చిందో తేలదు. నీరు నడిచిన దారి పౌడరు మీద గీతలా కనిపిస్తుంది. తలుపుల బీడింగులను కూడా ఇలాగే చూడండి.

దిగిపోయిన చోట ఫైబరు పట్టీ అంటించి సరిపెట్టవద్దు. మంచి రేకు కనిపించేవరకు కోసి, కొత్త ముక్క వెల్డింగు చేయించండి. పెట్రోలు పైపు, బ్రేకు పైపు ఫ్లోరు కిందనుంచే వెళతాయి కనుక, వెల్డింగుకు ముందు బ్యాటరీ వైరు తీయించి, ఆ పైపులను పక్కకు తప్పించమని చెప్పాలి. తరువాత అతుకుల మీద సీలెంటు, తుప్పు పట్టకుండా రెండువైపులా ఎపాక్సీ ప్రైమరు వేయించండి. మనది సముద్రపు గాలి తగిలే ప్రాంతం, మామూలు రెడాక్సైడు (ఎర్ర ప్రైమరు) ఒక్కటే ఎక్కువ కాలం ఆగదు. ఫ్లోరులో ఉండే రబ్బరు బిరడాల మీద మాత్రం ఎప్పుడూ షీటు అంటించకండి. ఎప్పుడైనా నీరు చేరితే బయటికి పోవడానికి ఉన్న దారులు అవే.

బొబ్బిలి మాస్టారు:

టింకరు గారు చెప్పినదానికి నాదొక చేర్పు. మనం శబ్దం అని ఒకే మాటతో పిలిచేదానిలో మూడు వేర్వేరు సంగతులున్నాయి. వాటిని విడదీసి చూడకపోతే డబ్బు వృథా అవుతుంది.

మొదటిది రేకు అదురు. మన తప్పెటగుళ్ళ వారు గుండె మీద కట్టుకునే రేకు తప్పెటను గుర్తు చేసుకోండి. మోగుతున్న తప్పెట నడుమ అరచేయి ఆనిస్తే చాలు, మోత ఆగిపోతుంది, తప్పెటంతా కప్పనక్కరలేదు. బ్యూటైల్ షీటు చేసే పని అదే: రేకు అదిరినప్పుడు మెత్తని బ్యూటైల్ పొర పైనున్న అల్యూమినియం రేకుకూ కింది ఫ్లోరుకూ మధ్య నలిగి, ఆ అదురును వేడిగా మార్చేస్తుంది. అందుచేత బల్లపరుపు రేకులో నాలుగోవంతు మేర, నడిమి భాగంలో అంటిస్తే చాలావరకు ఫలితం వస్తుంది. గాడులు నొక్కి ఉన్న చోట రేకు ముందే బిగువుగా ఉంటుంది, అక్కడ అవసరం తక్కువ. వేలి కణుపుతో కొట్టి చూడండి. ఖంగుమంటే అంటించాలి, దబ్బుమంటే వదిలేయవచ్చు.

బరువు కూడా ఆలోచించవలసిన విషయమే. 2 మిల్లీమీటర్ల షీటు చదరపు మీటరుకు సుమారు 3 కిలోలు తూగుతుంది. మీ బండి బరువు 650 కిలోల ప్రాంతం, ఇంజను 796 సీసీ. తలుపుల నుంచి పైకప్పు దాకా రెండేసి పొరలు వేస్తే ఎత్తు ఎక్కేటప్పుడు తేడా తెలుస్తుంది. తారు షీటు ఫ్లోరు మీద ఫరవాలేదు గాని, మే నెల ఎండలో నిలిపిన బండిలో అది మెత్తబడి వాసన వేస్తుంది, పైకప్పుకు, తలుపులకు వేస్తే జారుతుంది.

రెండవది గాలి ద్వారా వచ్చే శబ్దం, దీనికి రంధ్రాలే శత్రువులు. క్లచ్ కేబులు, యాక్సిలరేటరు కేబులు, వైర్ల కట్ట ఇంజను వైపునుంచి లోపలికి వచ్చే చోట రబ్బరు గ్రోమెట్లు (రంధ్రం అంచున బిగించే రింగులు) ఎండి ఊడిపోయి ఉంటాయి. బొటనవేలు పట్టేంత కంత ఒకటి ఉంటే దాని చుట్టూ ఎంత మందం షీటు వేసినా ప్రయోజనం అంతంతమాత్రమే. సైలెన్సరు పొగ లోపలికి వచ్చే దారి కూడా అదే కాబట్టి ఇది కేవలం హాయికి సంబంధించిన పని కాదు. అరిగిన ఇంజను మౌంటింగులు కూడా మార్పించండి, మూడు సిలిండర్ల ఇంజను అదురు వాటి గుండానే బాడీకి చేరుతుంది.

మూడవది లోపలికి చేరిన శబ్దాన్ని పీల్చుకోవడం. కార్పెట్టు, దాని కింది ఫెల్టు ఈ పని చేస్తాయి. గోగునార పండే జిల్లాల వాళ్లం, జూట్ మిల్లుల పక్కన పెరిగిన వాళ్లం, జనపనార ఫెల్టు మీదికి మనసు పోవడం సహజమే. అది శబ్దాన్ని బాగానే పీల్చుకుంటుంది, కాని నీటిని కూడా అంతే బాగా పీల్చుకుని నెలల తరబడి విడవదు. మీ బండి చరిత్ర చూస్తే, నీరు పట్టని క్లోజ్డ్ సెల్ ఫోమ్ వేయమనే నా సలహా.

గజపతినగరం:

కార్పెట్టు మీరే కోసుకోవచ్చు, నా పాత బండికి నేనే కోసుకున్నాను. పాతదాన్ని పారేయకుండా దాన్నే కొలతగా పెట్టుకుని, రెండంగుళాలు ఎక్కువగా కోయండి. నడిమి గూడు (ఫ్లోరు మధ్యలో ఎత్తుగా ఉండే భాగం) దగ్గర మొదలుపెట్టి పక్కలకు వెళ్లాలి. ఎడమ ముక్క, కుడి ముక్క గేరు రాడ్డు కింద ఒకదాని మీద ఒకటి వచ్చేలా వేస్తే అతుకు కనబడదు. మూలల్లో ఇస్త్రీ పెట్టె ఆవిరి పట్టి చేత్తో నొక్కితే ఆ వంపు నిలుస్తుంది.

సీటు బోల్టుల కోసం డ్రిల్లు మాత్రం వాడకండి. నేను వాడాను. బిట్టుకు ఒక దారం చుట్టుకుని, కన్ను మూసి తెరిచేలోగా జానెడు పొడవున కార్పెట్టు గీతలా ఊడిపోయింది, ఆ ముక్క మొత్తం మళ్లీ కొనవలసి వచ్చింది. బోల్టును ముందే దాని రంధ్రంలో బిగించి ఉంచి, పైనుంచి కార్పెట్టు వేసి, తడిమి చూసి ఆ చోట వేడి చేసిన సోల్డరింగు ఐరనుతో కన్నం పెట్టాలి, అంచు కరిగి గట్టిపడుతుంది. సీటు బెల్టు బోల్టులకూ ఇంతే. వాటి కింద ఫోమ్ గాని షీటు గాని ఉండకూడదు, బోల్టు నేరుగా రేకుకు బిగియాలి.

యాక్సిలరేటరు పెడలు కింద ఫోమ్ అసలే వద్దు. పెడలు పూర్తిగా తొక్కి వదిలినప్పుడు కార్పెట్టుకు ఎక్కడా తగలకుండా తిరిగి వస్తోందో లేదో, ఇంజను ఆపి, పదిసార్లయినా చూసుకోండి.

నాగావళి800 (శ్రీకాకుళం):

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం మా తమ్ముడు నీళ్లు పట్టాడు, నేను లోపల కూర్చున్నాను. టింకరు గారి మాటే నిజమైంది: అద్దం కుడి దిగువ మూలలో పౌడరు మీద సన్నని గీత పడి, స్టీరింగు రాడ్డు పక్కగా కిందికి దిగింది. కొత్త బీడింగుకు చెప్పాను. సోమవారం వెల్డింగు, ప్రైమరు ఆరాక మళ్లీ ఒకసారి నీళ్లు పట్టి చూస్తాను, అప్పుడు కూడా చుక్క రాకపోతేనే షీటు కొంటాను. మాస్టారూ, తలుపుల లోపలి రేకుకు ఒక్కొక్క ముక్క అంటించేటప్పుడు అడుగున ఉన్న నీటి కన్నాలను వదిలేయాలి కదా?

బొబ్బిలి మాస్టారు:

తప్పకుండా వదిలేయాలి. ట్రిమ్ము (తలుపు లోపలివైపు కప్పే పలక) వెనుక ఉన్న ప్లాస్టిక్ కాగితం చిరిగి ఉంటే అది కూడా కొత్తది వేయండి. అద్దం మీదుగా తలుపులోకి దిగిన నీరు ట్రిమ్మును తడపకుండా ఆపేది ఆ కాగితమే.