25 నిమిషాల టైమర్ లెక్క మధ్యలో మోగితే ఏం చేస్తున్నారు? (గ్రూప్-2, ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లు చెప్పండి)

సచివాలయం_తమ్ముడు:

అన్నలకీ అక్కలకీ నమస్తే. గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటుని. ఏపీ గ్రూప్-2కి చదువుతున్నా. పొద్దున నాలుగున్నర నుంచి ఏడు దాకా, రాత్రి భోజనమయ్యాక ఓ గంట, నాకు దొరికేది అంతే. ఈమధ్య 25 నిమిషాలు చదివి 5 నిమిషాలు ఆగే పద్ధతి మొదలుపెట్టా. పాలిటీకి బాగానే ఉంది. మెంటల్ ఎబిలిటీ దగ్గరే గొడవ. సీటింగ్ అరేంజ్‌మెంట్ సగంలో ఉండగా ఫోన్ మోగుతుంది. ఆగి వచ్చేసరికి ఎవరు ఎవరికి ఎడమపక్క కూర్చున్నారో మళ్లీ మొదటినుంచీ వేసుకోవాలి. ఆ ఐదు నిమిషాలు కూడా ఏనాడూ ఐదుతో ఆగట్లేదు. దానికితోడు ఊళ్లోవాళ్లు ఆరింటికే ఫోన్ చేస్తారు, "బాబూ, పింఛను లిస్టులో నా పేరుందా" అని. ఎత్తకపోతే ఇంటికే వచ్చేస్తారు. ఏకబిగిన కూర్చోవడం మంచిదా, ఈ గంట కొట్టుకోవడం మంచిదా?

రీడింగ్‌హాల్_అక్క:

తమ్ముడూ, ముందు ఆ టైమర్ని ఫోన్లోంచి తీసెయ్. గంట ఆపడానికని ఫోన్ పట్టుకుంటావు, పట్టుకున్న చెయ్యి ఊరుకోదు. కరెంట్ అఫైర్స్ గ్రూపే కదా, ఇదీ చదువే కదా అని వాట్సాప్ తెరుస్తావు. ఇక నీ ఐదు నిమిషాలు ఐదుతో ఎందుకాగుతాయి? వంటింట్లో వాడే తిప్పుడు టైమర్ ఒకటి కొనుక్కో. ఈ పద్ధతి కనిపెట్టిన ఫ్రాంచెస్కో చిరిల్లో 1980ల చివర్లో, ఇటలీలో చదువుకునే రోజుల్లో వాడింది అదే, టమాటా ఆకారంలో ఉండేది. మొదట ఆయన 25 అనుకోనేలేదు. పది నిమిషాలు నిజంగా చదవగలనా అని తనతో తనే పందెం వేసుకున్నాడు, అదీ వెంటనే గెలవలేదు. తర్వాత ఆయనే 20 నుంచి 35 దాకా పనికొస్తుంది, 40 దాటొద్దు అన్నాడు. కాబట్టి 25 ఏమీ శిలాశాసనం కాదు.

నేను చదివింది హైదరాబాద్ చిక్కడపల్లి లైబ్రరీలో. అక్కడ ఐదు నిమిషాల బ్రేక్ అనేదే ఉండదు. టీకి లేస్తే నలుగురు తగులుతారు. నోటిఫికేషన్ ఎప్పుడట, కోర్టు కేసు ఏమైందట, కటాఫ్ ఎంత ఉండొచ్చు... లోపలికొచ్చేసరికి అరగంట. అందుకే నేను కుర్చీ దగ్గరే లేచి నిలబడి, నీళ్లు తాగి, మళ్లీ కూర్చునేదాన్ని. పెద్ద బ్రేక్ టైమర్ నాలుగుసార్లు మోగాకే. నువ్వు కావాలంటే మేడెక్కి రా. మంచం మీద మాత్రం ఒరగకు, నాలుగున్నరకి లేచినవాడివి, మళ్లీ లేవవు.

ఊరివాళ్ల ఫోన్లకీ చిరిల్లో దగ్గర మందుంది. సంగతేంటో విను, ఎప్పుడు చూస్తావో చెప్పు, కాగితం మీద రాసుకో, పుస్తకంలోకి వచ్చెయ్. "పెద్దమ్మా, ఏడింటికి చూసి చెప్తా" అంటే చాలు. కానీ ఏడింటికి నిజంగా చెప్పాలి, లేదంటే రేపట్నుంచి నమ్మరు. నీ అంతట నీకే ఏదైనా గుర్తొస్తే (గ్యాస్ బుక్ చెయ్యాలి, ఫలానా జీవో చూడాలి) పక్క కాగితం మీద చిన్న గీత గీసి ఒక్క ముక్క రాసుకో. వారం గీతలు చూస్తే నిన్ను లేపేదెవరో తెలుస్తుంది. నా కాగితం నిండా ఆకలే ఉండేది!

ఆదివారం_మాక్:

అక్క అన్నీ చెప్పింది, లెక్క సంగతి తేల్చలేదు. గంట మోగగానే పెన్ను పెట్టెయ్యాలన్నది చిరిల్లో రూలు. నేనైతే పాటించను. సెట్ (ఒక లెక్క, దాని కింద అడిగే ప్రశ్నలన్నీ) పూర్తయ్యాకే లేస్తా. రెండు మూడు నిమిషాలు అటూఇటూ అయితే కొంపలేం మునగవు.

అసలు సంగతి వేరే ఉంది తమ్ముడూ. ప్రిలిమ్స్‌లో 150 నిమిషాలకి 150 ప్రశ్నలు. అందులో మెంటల్ ఎబిలిటీ 30 మార్కులు. ప్రశ్నకి నిమిషమే లెక్క. తప్పు జవాబుకి మూడోవంతు మార్కు పోతుంది కాబట్టి గుడ్డిగా పెట్టేసే దారీ లేదు. సీటింగ్ సెట్ రోజూ గంటకి అడ్డం పడుతోందంటే, ఒక్కో సెట్ మీద ఎంతసేపు కూర్చుంటున్నావో ముందు చూసుకో. లెక్కలకి 25 తీసేసి, సెట్‌కి ఐదారు నిమిషాలు పెట్టు. అప్పటికి తెగకపోతే వదిలేసి తర్వాతిది. వదిలెయ్యడం కూడా ప్రాక్టీస్ చెయ్యాల్సిందే.

మాక్ టెస్టుకి మాత్రం ఈ టైమర్ని ముట్టుకోకు. ఆదివారం రెండున్నర గంటలు కుర్చీలోంచి కదలకుండా రాయి. ఎప్పుడూ 25కోసారి లేచేవాడికి పరీక్ష హాల్లో అరగంటకే కాళ్లు లాగుతాయి.

సచివాలయం_తమ్ముడు:

థాంక్స్ అన్నా, రేపట్నుంచి సెట్ల వారీగానే. అక్కా, రాత్రి గంట ఏం చెయ్యమంటావు? ఆఫీసులో సర్వర్‌తో కుస్తీ పట్టి వచ్చాక కొత్త చాప్టర్ తలకెక్కట్లేదు.

రీడింగ్‌హాల్_అక్క:

రాత్రిపూట కొత్తది ముట్టుకోకు. పొద్దున చదివినదాని మీద పాత ప్రశ్నలు, ఒక్క 25, చాలు. మిగతా టైంలో రేపటి చీటీ రాసుకో. అందులో "ఆంధ్ర చరిత్ర" అని రాస్తే అది జన్మలో అవ్వదు. టైమర్ ఐదారుసార్లు మోగినా తెగని పనిని ముక్కలు చెయ్యాలి. "శాతవాహనులు: నానాఘాట్, నాసిక్ శాసనాలు" అని రాయి, ఒక్కసారి కూర్చుంటే అయిపోతుంది. నానాఘాట్ శాసనం రాణి నాగానికది, నాసిక్‌ది రాజమాత గౌతమీ బాలశ్రీది అని పుస్తకం చూడకుండా చెప్పగలిగితే టిక్కు పెట్టి పడుకో. తారుమారైతే రేపటి చీటీలో మొదటి లైను అదే.