చిన్న పిట్టలకు షట్టర్ స్పీడ్ ముఖ్యమా, తక్కువ ఐఎస్ఓ ముఖ్యమా?

చెరువుగట్టు:
నాది 150-600 ఎంఎం జూమ్ లెన్స్. హైదరాబాద్ పక్కన అమీన్‌పూర్ చెరువు దగ్గర గ్రీన్ బీ-ఈటర్లను తీస్తుంటాను. "ఐఎస్ఓ (కెమెరా వెలుగును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 800 దాటనివ్వకు, షట్టర్ స్పీడ్ 1/500 సెకను చాలు" అని మా గ్రూపులో పెద్దవాళ్లంటారు. గ్రెయిన్ (నాయిస్, అంటే ఫొటోలో గరుకు చుక్కలు) రావట్లేదు కానీ పిట్టే చెదిరిపోతోంది. స్పీడ్ పెంచమంటారా?

తొలిపొద్దు:
మొహమాటం లేకుండా పెంచండి. 1/500 నుంచి 1/2000కి వెళ్తే రెండు స్టాపుల వెలుగు తగ్గుతుంది (ఒక్కో స్టాపుకి సగం), ఐఎస్ఓ 800 కాస్తా 3200 అవుతుంది. అవనివ్వండి! రా (RAW, కెమెరా ప్రాసెస్ చేయని ఫైల్) ఫార్మాట్‌లో తీస్తే నాయిస్‌ను సాఫ్ట్‌వేర్ చాలావరకు తగ్గిస్తుంది, చెదిరిన కన్నును మాత్రం మళ్లీ తెచ్చివ్వలేదు. ఐఎస్ఓకి భయపడి ఫొటో చీకటిగా తీసి, ఇంటికొచ్చి వెలుగు పెంచినా నాయిస్ తగ్గేదేమీ ఉండదు. లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉంది కదా అంటారు కొందరు. అది ఆపేది మన చేతి వణుకును, పిట్ట కదలికను కాదు.

నీలిరెక్క:
నేనొప్పుకోను. కూర్చున్న బీ-ఈటర్‌కి 1/2000 దండగ. అది గాల్లో పురుగును పట్టి చాలాసార్లు అదే కొమ్మకు తిరిగొస్తుంది. ఆ కొమ్మ మీద ఫోకస్ పెట్టుకుని ఓపిగ్గా కూర్చోండి. 1/500లో వరసగా తీస్తే అది కదలని క్షణం ఒక్కటైనా దొరుకుతుంది. ఫొటోను క్రాప్ చేసేవాళ్లకు (అంచులు కత్తిరించి పిట్టను పెద్దగా చూపేవాళ్లకు) 3200 దగ్గర ఈకల గీతలు అలికినట్టయిపోతాయి, అది కూడా చెప్పాలిగా.

తొలిపొద్దు:
క్రాప్ మాట నిజమే అన్నా. కానీ తెచ్చిన పురుగును అది కొమ్మకేసి బాదుతుంది చూడు, నాకు కావాల్సింది ఆ క్షణమే. 1/500లో అక్కడ తల ఉండదు, మరక ఉంటుంది.

చెరువుగట్టు గారూ, ముందు ఒకటి చూసుకోండి. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాతో, 600 ఎంఎం దగ్గర ఎఫ్/6.3 అపర్చర్‌లో, పిట్ట అయిదు మీటర్ల దూరంలో ఉంటే ఫోకస్‌లో ఉండే మందం సుమారు రెండున్నర సెంటీమీటర్లే. కన్ను స్పష్టంగా ఉండి తోక మసకైతే అది స్పీడ్ సమస్య కాకపోవచ్చు. మధ్యాహ్నం ఎండలో నీళ్ల మీదుగా దూరం పిట్టను తీస్తే వేడిగాలికే బొమ్మ కరిగినట్టవుతుంది, దానికి ఏ సెట్టింగూ పనిచేయదు. పొద్దున్నే వెళ్లండి.

చెరువుగట్టు:
కన్ను కూడా చెదిరిందండీ, అదీ పొద్దున తీసినవే. ఈసారి ఆటో ఐఎస్ఓ పెట్టి, హద్దు 6400 చేసి, 1/2000తో మొదలుపెడతా.

నీలిరెక్క:
మొదలుపెట్టండి. పిట్ట కుదురుగా కూర్చోగానే 1/500కి దించండి, అక్కడ నా మాట మారదు.