కార్పొరేషన్ విషయాలు నమ్మకంగా ఎక్కడ తెలుస్తాయండీ? (పాయకాపురం, విజయవాడ)

మగ్గంపని_పాయకాపురం:

అందరికీ నమస్కారమండీ. మాది పాయకాపురంలో చిన్న అపార్ట్‌మెంటు. ఈసారి సెక్రటరీగా ఉండమంటే ఎవరూ ముందుకు రాలేదు. నేను ఇంట్లోనే మగ్గం పని చేసుకుంటా కాబట్టి నాకు ఖాళీ ఎక్కువని తేల్చేసి నా మెడకి తగిలించారు. (శ్రావణమాసం బ్లౌజులు మీదున్నప్పుడు నాకు తల దువ్వుకోడానికి కూడా తీరదు. చెప్తే వినేదెవరు?)

మెయింటెనెన్సు వసూళ్లు, లిఫ్టు, మోటారు ఎలాగో నెట్టుకొస్తున్నా. నావల్ల కానిది ఒక్కటే. కార్పొరేషన్ సంగతి ఏదొచ్చినా గ్రూపులో "మేడం, ఇది నిజమేనా?" అని నన్నడుగుతారు. నాకేం తెలుసు?

మొన్న ఒకాయన ఫార్వర్డ్ పెట్టాడు. "రేపు నగరంలో మంచినీటి సరఫరా నిలిపివేత. ప్రజలు సహకరించగలరు." అంతే. తేదీ లేదు, ఏ ఏరియానో లేదు, చెప్పిందెవరో లేదు. ఇంక చూసుకోండి, రాత్రి పదింటికి బిల్డింగంతా బిందెలు, బక్కెట్లు, ఆఖరికి ఇడ్లీ కుక్కర్లతో సహా నింపేశారు. పైన ట్యాంకు అడుగంటింది. మళ్లీ మోటారెయ్యమని ఫోన్లు నాకే. పొద్దున్నే కార్పొరేషన్ నీళ్లు సుబ్బరంగా వచ్చాయి! మూడో ఫ్లోర్ ఆంటీ వాళ్లబ్బాయి వెతికితే అది ఎప్పటిదో పాత మెసేజీ.

ఇంటి పన్ను సంగతీ ఇంతే. ఏప్రిల్లో కడితే తగ్గింపు ఉందని ఒకరు, అదేం లేదని ఒకరు. చెత్త పన్ను మళ్లీ కట్టాలట అని ఇంకొకరు.

ఇవన్నీ సరే, పోతే డబ్బులు పోతాయి. నా అసలు భయం వానలు. 2024 సెప్టెంబరు 1, ఆదివారం మా ఏరియా ఎలా మునిగిందో ఇక్కడ చాలామందికి తెలుసు. మేం టీవీలో ప్రకాశం బ్యారేజీకి ఎన్ని లక్షల క్యూసెక్కులొస్తున్నాయో చూస్తూ కూచున్నాం. ఇటు చూస్తే స్టిల్ట్ పార్కింగులో బండ్ల సీట్లు మునుగుతున్నాయి. వాచ్‌మన్ వాళ్లావిడ గ్యాస్ బండ నెత్తినెట్టుకుని మెట్లెక్కింది, అది ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. తర్వాత కరెంటు లేదు, ఫోన్లలో చార్జింగ్ లేదు. పడవలొచ్చే దాకా పైనే ఉన్నాం.

ఇప్పుడు వాన గట్టిగా పడితే గ్రూపులో నేనేం చెప్పాలి? ఎవరు చెప్పింది నమ్మాలి? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. యాప్ వేసుకోండి అని ఒక్క ముక్కతో తేల్చేయకండి, ఫోన్ నిండా యాప్‌లే ఉన్నాయి.

---

రిటైర్డ్_గుమాస్తా:

అమ్మా, నేను వేరే ఊరి మునిసిపాలిటీలో రెవెన్యూ సెక్షన్లో చేసి దిగిపోయినవాణ్ణి. ముందు పన్ను సంగతి చెప్తాను, ఎందుకంటే అందులో గాలికబురుకి చోటే లేదు. మీ వాళ్లు ఊరికే వాదించుకుంటున్నారు.

ఇంటి పన్ను ఏడాదికి రెండు అర్ధ సంవత్సరాలుగా పడుతుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి రెండోది. రెండూ కలిపి ఏప్రిల్ 30 లోపల కట్టేస్తే ఆ ఏడాది పన్నులో 5 శాతం తగ్గుతుంది. పాత బకాయిలకి ఆ తగ్గింపు రాదు. ఆలస్యమైతే నెలకి 2 శాతం వడ్డీ. ఏటా పన్ను పెరుగుతోందేమిటని కూడా అడుగుతారు, దానికీ జవాబు రాసిపెట్టుకో. 2021-22 నుంచి అద్దె విలువ లెక్క పోయి ఆస్తి మూలధన విలువ లెక్క, అంటే స్థలం, కట్టడం ఖరీదు లెక్క, వచ్చింది. అమాంతం పెరక్కుండా ఏడాదికి 15 శాతం మించకూడదని పరిమితి పెట్టారు, అందుకే మెట్లు మెట్లుగా పెరుగుతోంది.

అపార్ట్‌మెంటులో ప్రతి ఫ్లాటుకీ వేరే అసెస్‌మెంట్ నంబరు ఉంటుంది. కాబట్టి "మన బిల్డింగు పన్ను ఎంత" అన్న ప్రశ్నే తప్పు. ఎవరి నంబరు వాళ్లు కొట్టి చూసుకోవాలి. కొత్తగా కొన్నవాళ్లు పేరు మార్పిడి అయిందో లేదో కూడా అప్పుడే చూసుకోమను. రిజిస్ట్రేషన్ అయిపోయింది కదా అని ఊరుకునేవాళ్లని నా సర్వీసంతా చూశాను.

చెత్త పన్ను 2021లో వచ్చింది, 2024 ఆఖరుకి చట్ట సవరణతోనే తీసేశారు. నీటి చార్జీలు, డ్రైనేజీ చార్జీలు మాత్రం ఉంటాయి, అవి వేరేగా చూసుకోవాలి. చెత్త పన్ను పోయిందంటే ఇవీ పోయాయనుకునేవాళ్లు ఉంటారు, జాగ్రత్త.

ఇక కబుర్లు ఎక్కడ అంటావా? విజయవాడలో డివిజన్లు 64, వార్డు సచివాలయాలు 286. కార్పొరేటరు డివిజనుకి, సచివాలయం సుమారు నాలుగు వేల జనాభాకి. నీకు రోజూ పనికొచ్చేది ఈ రెండోదే. అక్కడ అందర్నీ "సచివాలయం వాళ్లు" అని ఒకే గాటన కట్టేయకు. కుళాయి, వీధి దీపం, రోడ్డు గుంత అయితే ఎమినిటీస్ సెక్రటరీ. చెత్త, కాలవ శుభ్రం శానిటేషన్ సెక్రటరీ. ప్లాను, అక్రమ కట్టడం ప్లానింగ్ సెక్రటరీ. ఈమధ్య సిబ్బందిని సర్దుబాటు చేశారు కాబట్టి పాతవాళ్లే ఉన్నారనుకోవద్దు. ఒకసారి వెళ్లి కనపడు. కార్పొరేషన్ ఇంజినీరు రేపు ఏ వాల్వు కట్టేస్తాడో ముందు ఆ ఎమినిటీస్ సెక్రటరీకే తెలుస్తుంది.

కౌన్సిల్ లేని రోజుల్లో కూడా ఈ వ్యవస్థ నడుస్తుంది. 2014లో వచ్చిన పాలకవర్గం గడువు 2019లో అయిపోయాక, 2021 మార్చి ఎన్నికల దాకా నగరం ప్రత్యేకాధికారి కిందే ఉంది కదా. కార్పొరేటర్ని మాత్రమే నమ్ముకున్న వీధులు అప్పుడు దిక్కులు చూశాయి.

---

వన్‌టౌన్_బాబాయ్:

ఇన్ని మాటలెందుకండీ, పేపరు వేయించుకోండి. జిల్లా పేజీల్లో మూల చిన్న డబ్బాలో ఉంటుంది, నేడు నీళ్లు రాని ప్రాంతాలు, కరెంటు ఉండని ప్రాంతాలు, వీధి పేర్లతో సహా. సినిమా పేజీ నుంచి మొదలుపెట్టి అక్కడికి రాకుండానే మడిచేస్తాం, అదీ మన బాధ. కరెంటు కార్పొరేషన్ చూసేది కాదు, దానికి 1912.

---

కరకట్ట_కుర్రాడు:

అక్కా, మాది కృష్ణ ఒడ్డునే ఉన్న కృష్ణలంక. వరద విషయంలో మేం చూసేది రెండే అంకెలు. బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకి రెండోది. మొదటిది పడితే మా నాన్నమ్మ బియ్యం డబ్బా మంచం మీదకి ఎక్కించేది. రెండోది పడితే మమ్మల్ని కూడా. ఇప్పుడు రిటైనింగ్ వాల్ వచ్చాక మాకు నిద్ర పడుతోంది. 2024లో 11.43 లక్షలు వచ్చినా గోడ ఆపింది. పైన పులిచింతల నుంచి ఎంత వదిలారో చూసుకుంటే బ్యారేజీకి వచ్చేలోపు కొన్ని గంటల టైం దొరుకుతుంది. నువ్వు కూడా అదే చూసుకో.

---

మైలవరం_మాస్టారు:

తమ్ముడూ, నీ అంకెలు సరైనవే, కానీ పాయకాపురానికి అవి చాలవు. ఆవిడ ఆ రోజు టీవీలో చూస్తూ కూర్చున్నదీ అవే అంకెలు.

మేడం గారూ, మీ ఏరియాని ముంచింది బుడమేరు వాగు. అది పుట్టేది మా మైలవరం వైపు కొండల్లో, పోయి కలిసేది కొల్లేటిలో. దారిలో వెలగలేరు దగ్గర హెడ్ రెగ్యులేటర్ ఉంది. అక్కడ గేట్లు దించి ఉంటే నీరు డైవర్షన్ కాలవలోకి మళ్లి, ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో పడుతుంది. గేట్లు ఎత్తితే పాత దారి పడుతుంది, అంటే మీ సింగ్ నగర్ వైపు. 2024 నాటికి ఆ డైవర్షన్ కాలవ మోయగలిగింది 15 వేల క్యూసెక్కులే. పైగా గట్టుకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి. వాటిని పూడ్చడానికి సైన్యం కూడా వచ్చింది, గుర్తుందా?

ఇందులో ఒక మెలిక ఉంది. డైవర్షన్ నీరు దిగాల్సింది కృష్ణలోకే. కృష్ణ నిండుగా పారుతుంటే సంగమం దగ్గర ఈ నీరు ఎక్కడికి పోతుంది? దిగదు, వెనక్కి ఎగదన్నుతుంది. కాబట్టి బ్యారేజీ అంకె మీకు అక్కర్లేదని కాదు. అది ఒక్కటే చూసి మన కాలనీకి ఫర్వాలేదు అనుకోకూడదు. రెండు పక్కలా ఒకేసారి ఎక్కువైన రోజే మీకు గండం.

కృష్ణకి పైన శ్రీశైలం, సాగర్, పులిచింతల ఉన్నాయి, నీరు ఆగి ఆగి వస్తుంది, ఎవరు ఎంత వదిలారో లెక్క ముందే తెలుస్తుంది. బుడమేరుకి అలాంటి డ్యామే లేదు. రాత్రి మా కొండల మీద కుండపోత పడితే తెల్లారేసరికి మీ గుమ్మంలో ఉంటుంది. అందుకని విజయవాడలో వాన ఎంత పడింది అని కాదు, మైలవరం, జి.కొండూరు, రెడ్డిగూడెం మండలాల్లో రాత్రి ఎంత పడిందో చూడండి. మీ ఊళ్లో తెరిపిచ్చిందని బట్టలారేస్తే లాభం లేదు. వెలగలేరు దగ్గర నీటిమట్టం ఎంత, గేట్లు ఎత్తారా అన్నది జలవనరుల శాఖ వాళ్ల మాట, కార్పొరేషన్‌ది కాదు. విపత్తుల నిర్వహణ సంస్థ నంబర్లు 1070, 112. ఫోన్లో చార్జింగ్ ఉండగానే అడగండి. అన్నిటికంటే ముందు, ఇటువైపు ఊళ్లలో మీకు చుట్టమో స్నేహితుడో ఉంటే ఫోను చేసి "వాగు ఎలా ఉంది?" అని అడగండి. మేం కిటికీలోంచి చూసి చెప్తాం.

---

మగ్గంపని_పాయకాపురం:

మాస్టారూ, ఇన్నాళ్లకి ఒకరు అర్థమయ్యేట్టు చెప్పారండీ. మా ఆడపడుచు వాళ్లది జి.కొండూరే! పండక్కి చీర పెట్టడానికి ఫోన్ చేస్తా గానీ వాగు సంగతి ఏనాడూ అడగలేదు.

బాబాయ్ గారూ, పేపరు వస్తుందండీ, వాచ్‌మన్ దగ్గర్నుంచి పైకొచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది. అదొక కథ.

గుమాస్తా గారూ, మీరు చెప్పినట్టే సచివాలయానికి వెళ్లా. ఎమినిటీస్ సెక్రటరీ చిన్నపిల్లలా ఉంది, మా అమ్మాయి ఈడు. మా అపార్ట్‌మెంటు ఏ లైను మీద ఉందో, నీళ్లు ఏ ట్యాంకు నుంచి వస్తాయో కాయితం మీద గీసి చూపించింది. "ట్యాంకు కడిగే రోజు ముందే చెప్తానాంటీ, మీరు మాత్రం నా నంబరు గ్రూపులో పెట్టకండి" అంది. పెడితే ఏమవుతుందో నాకు తెలుసు కాబట్టి పెట్టలేదు. గోడ మీద పేర్ల బోర్డు ఫొటో తీసుకున్నా. వరద సాయం జాబితా కూడా అప్పట్లో సచివాలయాల్లోనే అంటించారు కదా, గ్రౌండ్ ఫ్లోరు వాళ్లకి 25 వేలు, పై ఫ్లోర్లకి 10 వేలు. మాలో కొందరు అది చూడకుండా ఎవరో చెప్పారని ఎక్కడెక్కడో తిరిగారు.

గ్రూపులో ఒక రూలు కూడా పెట్టా. తేదీ, ఏ ఆఫీసు చెప్పింది, ఏ ఏరియా, ఈ మూడూ లేని ఫార్వర్డ్ ఎవరు పెడితే ఆ నెల ట్యాంకు కడిగించే ఖర్చు వాళ్లదే. పొద్దున గుడ్ మార్నింగ్ పూలు కూడా తగ్గాయండోయ్.

ఇంకొక్కటి అడుగుతా. మా వీధి చివర కాలవలో పూడిక పేరుకుపోయింది. వానల్లోపు తీయించాలంటే ఎవరికి చెప్పాలి? నోటితో చెప్తే సరిపోతుందా?

---

రిటైర్డ్_గుమాస్తా:

నోటితో చెప్పు, కానీ అక్కడితో ఆగకు. నంబరు లేని ఫిర్యాదుకి ఫైలు ఉండదు. 1100కి ఫోను చేసినా, సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చినా ఒక నంబరు ఇస్తారు. తర్వాత నువ్వు మాట్లాడేది ఆ నంబరుతోనే. వాట్సాప్ అలవాటైన వాళ్లకి ప్రభుత్వం వాట్సాప్ సేవ మన మిత్ర ఉంది, 95523 00009, యాప్ వేసుకోనక్కర్లేదు. అర్జీలో "మా వీధి కాలవ" అని రాయకు. ఫలానా ఇంటి నంబరు నుంచి ఫలానా కల్వర్టు దాకా అని రాయి, సచివాలయం నంబరు వెయ్యి, ఫొటో జత చెయ్యి.

ఇంకో సంగతి. వీధి పక్క సైడు కాలవలో మట్టి అయితే శానిటేషన్ వాళ్లది. మ్యాన్‌హోల్ పొంగితే ఇంజినీరింగ్ వాళ్లది. బుడమేరులోనే పూడిక అయితే జలవనరుల శాఖది. తప్పు శాఖకి పంపితే "మా పరిధిలోకి రాదు" అని రాసి మూసేస్తారు, మళ్లీ మొదటికొస్తావు.

---

కరకట్ట_కుర్రాడు:

ఇది కూడా అక్కా. పూడిక తీసి పక్కనే కుప్ప పోస్తే ఎత్తే దాకా ఊరుకోవద్దు, ఒక్క వానకి మళ్లీ అందులోకే జారుతుంది. కుప్ప ఫొటో తీసి, అదే నంబరు మీద పని ఇంకా పూర్తి కాలేదని పెట్టించు.