డివిజన్-3 బాస్కెట్‌బాల్: అబ్బాయిల మ్యాచ్ కూడా నాలుగు క్వార్టర్లకు మారాలా?

గ్యాలరీ_సీటు
అమెరికాలో ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడల సంస్థ) డివిజన్-3 చిన్న కాలేజీల ఆట చూసేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు కాబట్టి ఇక్కడ పెడుతున్నాను. కాన్ఫరెన్స్ (కాలేజీల లీగు) మ్యాచ్‌లు చాలాచోట్ల జంటగా జరుగుతాయి. ముందు అమ్మాయిలది, వెనకే అబ్బాయిలది. అదే కోర్టు, అదే స్కోరర్ల బల్ల. గడియారం మాత్రం వేరు. అమ్మాయిలు 2015-16 నుంచి పదేసి నిమిషాల నాలుగు క్వార్టర్లు ఆడుతున్నారు. అబ్బాయిలది 2025-26 సీజన్‌లో కూడా ఇరవై నిమిషాల రెండు హాఫ్‌లే. ఫీబా అంతర్జాతీయ నియమాల్లో నాలుగు క్వార్టర్లు, ఎన్‌బీఏలో నాలుగు, ఇక్కడి హైస్కూళ్లలో దాదాపు అంతటా ఎనిమిదేసి నిమిషాల క్వార్టర్లు నాలుగు. ఆంధ్ర, తెలంగాణల్లో యూనివర్సిటీ జట్లకు ఆడి వచ్చినవాళ్లకు హాఫ్‌ల ఆట కొత్తగానే ఉంటుంది. 2025లో అబ్బాయిల నియమాల కమిటీ కూడా క్వార్టర్ల వైపు మొగ్గు చూపింది.

నా మాట: మారాలి, వెంటనే మారాలి. కారణం ఫౌల్స్. అమ్మాయిల ఆటలో ప్రతి క్వార్టర్‌కీ జట్టు ఫౌల్స్ సున్నా నుంచి మొదలు, ఐదో ఫౌల్ నుంచి రెండు ఫ్రీ త్రోలు (ఎవరూ అడ్డు రాకుండా లైన్ దగ్గర నుంచి వేసే షాట్లు). అబ్బాయిల ఆటలో హాఫ్ మొత్తానికి ఒకే లెక్క, ఏడో ఫౌల్ నుంచి వన్-అండ్-వన్ (మొదటి ఫ్రీ త్రో పడితేనే రెండోది), పదో ఫౌల్ నుంచి నేరుగా రెండు. ఒక జట్టు హాఫ్‌లో ఇంకా 12 నిమిషాలు ఉండగానే ఏడు ఫౌల్స్ చేసిందంటే, ఆ 12 నిమిషాలూ ఎవరిని ముట్టుకున్నా విజిల్, లైన్ దగ్గరికి నడక. ఆట ముక్కలైపోతుంది.

బెంచ్_వెనక
ఒప్పుకోను. వన్-అండ్-వన్ అంటే ఏమిటో చూడకుండా తీసేయమంటున్నారు. మొదటిది వేస్తేనే రెండోది, అంతే కదా. 70 శాతం షూటర్‌ని తీసుకోండి.

వన్-అండ్-వన్‌లో ఒక్క పాయింటూ రాకపోయే అవకాశం 30 శాతం, ఒకటి 21, రెండు 49. నేరుగా రెండు షాట్లిస్తే సున్నా 9 శాతానికి పడిపోతుంది, ఒకటి 42, రెండు అదే 49. సగటున 1.19 ఎక్కడ, 1.40 ఎక్కడ?

రీబౌండ్ (తప్పిన షాట్ బంతిని పట్టుకోవడం) లెక్క ఇంకా ముఖ్యం. వన్-అండ్-వన్‌లో ఏదో ఒక షాట్ తప్పి బంతి ఆటలోకి వచ్చే అవకాశం 51 శాతం. రెండు షాట్ల పద్ధతిలో రెండోది తప్పితేనే, అంటే 30 శాతం. నిమిషంన్నర మాత్రమే మిగిలి ఉండగా ఐదు పాయింట్లు వెనకబడిన జట్టుకు ప్రాణం ఉన్నదే అక్కడ. వన్-అండ్-వన్ తీసేస్తే ముందున్న జట్టు గట్టున పడినట్టే. చిన్న జిమ్‌లో ఆఖరి నిమిషంలో జనమంతా లేచి నిలబడేది ఆ మొదటి ఫ్రీ త్రో కోసమే.

గ్యాలరీ_సీటు
బెంచ్_వెనక గారూ, లెక్క కరెక్టే. కానీ వన్-అండ్-వన్ ఉండేది ఏడు, ఎనిమిది, తొమ్మిది, ఈ మూడు ఫౌల్స్‌కే. గట్టిగా పోటీ పడిన మ్యాచ్‌లో రెండో హాఫ్ ఆఖరి నిమిషానికి రెండు జట్లూ పది దాటేసి ఉంటాయి. మీరు చెప్పే ప్రాణం అప్పటికే పోయి ఉంటుంది. పైగా 2023-24 నుంచి హైస్కూల్ జాతీయ నియమావళి కూడా వన్-అండ్-వన్‌ని వదిలేసి, క్వార్టర్‌లో ఐదో ఫౌల్‌కి రెండు షాట్లు అంది. పిల్లలు అక్కడ ఒకటి అలవాటు చేసుకుని కాలేజీలో ఇంకొకటి నేర్చుకోవాలా?

ప్రెస్_ప్రియుడు
ఎవరికి లాభం, ఎవరికి నష్టం అన్నది ఇద్దరూ వదిలేశారు. ఫుల్ కోర్టు ప్రెస్ (కోర్టు పొడవునా ప్రత్యర్థి మీద ఒత్తిడి పెట్టడం) ఆడే జట్టుకు ఇది చావు బతుకుల విషయం.

ఐయోవా రాష్ట్రంలోని గ్రిన్నెల్ కాలేజీని తీసుకోండి. డేవిడ్ ఆర్సెనో కోచ్‌గా అక్కడ నిలబెట్టిన పద్ధతి అందరికీ తెలిసిందే: ఐదుగురినీ ఒకేసారి మార్చడం, ఆపకుండా ప్రెస్, దొరికితే త్రీ (మూడు పాయింట్ల షాట్). వాళ్లు పెట్టుకున్న సూత్రం మ్యాచ్‌కి 94 షాట్లు, అందులో సగం త్రీలు, తప్పిన సొంత షాట్లలో మూడో వంతు రీబౌండ్లు, ప్రత్యర్థి చేత 32 టర్నోవర్లు (షాట్ వేయకుండానే బంతి పోగొట్టుకోవడం), ప్రత్యర్థి కంటే 25 షాట్లు ఎక్కువ. 2012 నవంబర్ 20న జాక్ టేలర్ ఒక్కడే 138 పాయింట్లు కొట్టింది ఈ పద్ధతిలోనే. 108 షాట్లు వేశాడు, అందులో 71 త్రీలు. ఇలా ఆడితే ఫౌల్స్ పడకుండా ఎలా ఉంటాయి?

ఇప్పుడు లెక్క. ప్రెస్ జట్టు ఒక హాఫ్‌లో షూటింగ్ కాని (షాట్ వేస్తున్నవాడి మీద కాని) డిఫెన్స్ ఫౌల్స్ పది చేసిందనుకుందాం, మొదటి పది నిమిషాల్లో ఆరు, తర్వాత నాలుగు. హాఫ్‌ల పద్ధతిలో ప్రత్యర్థికి మూడు వన్-అండ్-వన్‌లు, ఒక డబుల్ బోనస్ (పదో ఫౌల్‌కి నేరుగా రెండు షాట్లు). 70 శాతం షూటర్లతో సుమారు 4.97 పాయింట్లు. క్వార్టర్ల పద్ధతిలో మొదటి క్వార్టర్‌లో ఐదు, ఆరు ఫౌల్స్‌కి రెండేసి షాట్లు, రెండో క్వార్టర్‌లో ఏమీ లేదు. మొత్తం 2.80. ఒక్క హాఫ్‌లోనే రెండు పాయింట్ల పైచిలుకు తేడా. అదే పది ఫౌల్స్ ఎనిమిది, రెండుగా పడితే మొదటి క్వార్టర్‌లోనే నాలుగుసార్లు రెండేసి షాట్లు, అంటే 5.60. లాభం కాస్తా నష్టమైంది. అందుకని ఎన్ని ఫౌల్స్ చేశామన్నదానికంటే ఎప్పుడు చేశామన్నది కోచ్ చూసుకోవాలి. ఈ విషయంలో అమ్మాయిల కోచ్‌లు ఇప్పటికే రాటుదేలారు. నాలుగో ఫౌల్ పడగానే ప్రెస్ ఎత్తేసి సగం కోర్టుకు వెనక్కి వస్తారు, క్వార్టర్ మారగానే మళ్లీ ముందుకొస్తారు.

బెంచ్_వెనక
మీరే నా వాదన బలపరిచారు. షాట్ ఇవ్వకుండా చేసుకోగల ఫౌల్స్ క్వార్టర్‌కి నాలుగు, అంటే మ్యాచ్‌కి పదహారు. హాఫ్‌ల పద్ధతిలో ఆరు చొప్పున పన్నెండే. ఆట సాఫీగా సాగాలని చెప్పి కొట్టుకోవడానికి నాలుగు ఫౌల్స్ అదనంగా ఇస్తున్నామన్నమాట. ఇది ఆటను శుభ్రం చేయడమా?

ప్రెస్_ప్రియుడు
పదహారూ వాడుకోవాలంటే ప్రతి క్వార్టర్‌లో సరిగ్గా నాలుగు చేసి ఆగాలి. ఒక క్వార్టర్‌లో మిగిలినవి ఇంకో క్వార్టర్‌కి రావు.

స్కోరర్_బల్ల
సిద్ధాంతం సరే, బల్ల దగ్గర ఏం జరుగుతుందో కూడా చూడండి. చిన్న కాలేజీలో గడియారం, ఫౌల్స్ బోర్డు, బాణం (తర్వాత బంతి ఏ జట్టుదో చూపే గుర్తు) నడిపేది సాధారణంగా క్యాంపస్ ఉద్యోగం చేసుకునే విద్యార్థులు. అమ్మాయిల మ్యాచ్ అయ్యాక ఉన్న కాసేపట్లో బోర్డు కన్సోల్‌లో ఇవన్నీ మార్చాలి: పీరియడ్ నిడివి 10 నుంచి 20, బోనస్ (ఫ్రీ త్రోలు మొదలయ్యాయని చూపే గుర్తు) వెలిగే అంకె 5 నుంచి 7, డబుల్ బోనస్ 10, ఫౌల్స్ సున్నా చేయడం పీరియడ్ మారినప్పుడు. పుస్తకంలో ఫౌల్స్ గడులు కూడా వేరు.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే,

బోనస్ అంకె మార్చడం మర్చిపోతే అబ్బాయిల మ్యాచ్‌లో ఐదో ఫౌల్‌కే బోర్డు మీద బోనస్ వెలుగుతుంది. బోర్డుని నమ్మి ఆటగాళ్లు లైన్ దగ్గర వరస కడతారు, పుస్తకం చూశాక రెఫరీ వాళ్లని పంపేసి సైడ్ నుంచి ఇన్‌బౌండ్ (గీత బయటి నుంచి బంతి లోపలికి వేయడం) ఇప్పిస్తాడు. పుస్తకమే అధికారికం, బోర్డు కాదు.

బాణం సంగతి ఇంకా చికాకు. అమ్మాయిల ఆటలో రెండు, మూడు, నాలుగు క్వార్టర్లు బాణం ప్రకారం ఇన్‌బౌండ్‌తో మొదలవుతాయి. ఆ ఇన్‌బౌండ్ పూర్తవగానే బాణం తిప్పాలి. బంతి చేతికి ఇవ్వగానే తిప్పేసినా తప్పే, తిప్పడం మర్చిపోయినా తప్పే. ఒకసారి తప్పితే తర్వాత రెండు జట్ల ఆటగాళ్లూ ఒకేసారి బంతి పట్టుకున్న ప్రతిసారీ తప్పు జట్టుకే వెళ్తుంది. అబ్బాయిల ఆటలో రెండో హాఫ్‌కి ఒక్కసారే ఈ పని.

బంతులు కూడా. అమ్మాయిలది 28.5 అంగుళాల చుట్టుకొలత, అబ్బాయిలది 29.5. వార్మప్ బుట్టలు కలిసిపోతే మ్యాచ్ బంతి ఏదో వెతుక్కోవాలి. క్వార్టర్లు వచ్చినా ఈ తేడా ఎలాగూ పోదు. కన్సోల్, పుస్తకం, ఓవర్‌టైమ్‌కి ఫౌల్స్ లెక్క ఒకటైతే చాలు, పిల్లల మీద భారం సగం దిగుతుంది. నా ఓటు క్వార్టర్లకే.

కొత్త_చూపరి
ఓవర్‌టైమ్‌కి ఫౌల్స్ లెక్క అంటే ఏంటండీ?

స్కోరర్_బల్ల
ఓవర్‌టైమ్ ఐదు నిమిషాలు, రెండు ఆటల్లోనూ అంతే. అబ్బాయిలకు అది రెండో హాఫ్‌కి కొనసాగింపు, అమ్మాయిలకు నాలుగో క్వార్టర్‌కి. ఫౌల్స్ చెరపకూడదు. కొత్తవాళ్లు అలవాటుగా సున్నా చేసేది ఇక్కడే.

పొసెషన్_లెక్క
గణాంకాలు చూసుకునేవాళ్ల తరఫున ఒక మాట. ఒక కాలేజీ అమ్మాయిల, అబ్బాయిల జట్లు రెండింటినీ సీజన్ పొడవునా అనుసరిస్తూ పోల్చాలంటే మ్యాచ్‌కి పాయింట్లు కాదు, వంద పొసెషన్లకు (బంతి ఒక జట్టు చేతిలో ఉన్న ఒక్కో విడత ఒక పొసెషన్) పాయింట్లు చూడాలి. పొసెషన్ల అంచనా: షాట్లు, అందులోంచి ఆఫెన్సివ్ రీబౌండ్లు తీసేసి, టర్నోవర్లు కలిపి, ఫ్రీ త్రోలను 0.475తో గుణించి కలపాలి. కాలేజీ ఆటకు మామూలుగా వాడే గుణకం అది, ఎన్‌బీఏకి 0.44. కాలేజీది ఎక్కువ ఉండడానికి ఒక కారణం వన్-అండ్-వన్. మొదటిది తప్పితే ఒక్క ఫ్రీ త్రోతోనే పొసెషన్ అయిపోతుంది. అమ్మాయిల ఆటలో వన్-అండ్-వన్ లేదు కాబట్టి అదే 0.475 అక్కడ వాడితే పొసెషన్లు కాస్త ఎక్కువగా కనబడతాయి, జట్టు ఆఫెన్స్ ఉన్నదానికంటే తక్కువగా కనబడుతుంది. మ్యాచ్‌కి 20 ఫ్రీ త్రోలు వేసే జట్టుకి 0.44 పెట్టినా 0.475 పెట్టినా తేడా 0.7 పొసెషన్. కొండంత కాదు, కానీ సీజన్ చివర రెండు జట్లను పక్కపక్కన పెట్టినప్పుడు తెలుస్తుంది.

ఇంకోటి, అబ్బాయిల బాక్స్ స్కోరులో హాఫ్ స్కోర్లే ఉంటాయి. క్వార్టర్లుగా చూడాలనుకుంటే ప్లే-బై-ప్లేలో (ఆటను సంఘటనల వారీగా రాసే పట్టికలో) గడియారం 20:00 నుంచి దిగుతూ 10:00కి చేరేముందు చివరిసారి మారిన స్కోరు రాసుకోండి, చాలు. జట్టు ఎక్కడ సడలుతోందో అప్పుడు కనిపిస్తుంది. 20 నిమిషాలను ఒకే ముద్దగా చూస్తే ఏమీ తెలియదు.

క్వార్టర్లు వస్తే పీరియడ్ ముగింపులు కూడా రెండు కాదు, నాలుగవుతాయి. షాట్ క్లాక్ (షాట్ వేయడానికి ఉన్న గడువు) 30 సెకన్లు. క్వార్టర్‌లో 38, 40 సెకన్లు ఉండగా షాట్ వేస్తే ప్రత్యర్థి 30 వాడుకున్నా మనకు ఎనిమిది, పది సెకన్లతో ఇంకో అవకాశం. అబ్బాయిల ఆటలో ఇది రెండుసార్లే. చిన్న జట్టు నాలుగుసార్లూ చక్కగా వాడుకుంటే సీజన్ మీద లాభమే.

బెంచ్_వెనక
ఆ ముగింపులే నాకు భయం. నాలుగో క్వార్టర్‌లో మూడు పాయింట్లు ముందున్న జట్టు అప్పటికి రెండే ఫౌల్స్ చేసిందనుకోండి. ఆరు సెకన్లు ఉన్నాయి. ప్రత్యర్థి షాట్‌కి లేవకముందే మూడో ఫౌల్, ఇన్‌బౌండ్, నాలుగో ఫౌల్, మళ్లీ ఇన్‌బౌండ్. ఒక్కోదానికి సెకనున్నర పోతుంది. చివరికి మూడు సెకన్లలో త్రీ వేయమంటే ఎవరు వేస్తారు? హాఫ్‌ల పద్ధతిలో ఆ సమయానికి ఫౌల్స్ ఏడు దాటి ఉంటాయి కాబట్టి ఈ ఎత్తు పారదు.

గ్యాలరీ_సీటు
అది నిజమైన లోపమే. కానీ వెనకబడిన జట్టుకూ అదే వర్తిస్తుంది, అక్కడ మంచి కోచ్ ముందే చూసుకుంటాడు. క్వార్టర్‌లో ఒకే ఫౌల్ చేసి ఉంటే రెండు, మూడు, నాలుగు ఫౌల్స్‌కి షాట్లు ఉండవు, వాటికే ఆరు నుంచి తొమ్మిది సెకన్లు ఖర్చు. అందుకని రెండు నిమిషాల మార్కు దగ్గరే ఫౌల్స్ బోర్డు చూసి, తక్కువుంటే ముందుగానే గట్టిగా డిఫెన్స్ ఆడాలి. ఫౌల్ పడినా నష్టం లేదు.

అమ్మాయిల ఆటలో నాలుగో క్వార్టర్ ఆఖరి నిమిషంలో రీబౌండ్ దక్కాకగానీ బుట్ట పడ్డాకగానీ టైమౌట్ తీసుకుంటే బంతిని ముందు సగానికి తెచ్చుకోవచ్చు. వెనకబడిన జట్టుకు అది పెద్ద ఊరట. అబ్బాయిలకు క్వార్టర్లు ఇస్తే ఆ నియమమూ కలిపి ఇవ్వాలి. అది లేకుండా క్వార్టర్లు మాత్రమే ఇస్తే బెంచ్_వెనక గారి భయం నిజమవుతుంది.

పాత_నియమం
అందరూ ఇదేదో కొత్త సంగతిలా మాట్లాడుతున్నారు. 1951-52 నుంచి 1953-54 దాకా అబ్బాయిల కాలేజీ ఆట పదేసి నిమిషాల నాలుగు క్వార్టర్లే. 1954-55లో హాఫ్‌లకు తిరిగి వెళ్లారు. 2018 ఎన్ఐటీ (సీజన్ చివర జరిగే కాలేజీల) టోర్నీలో క్వార్టర్లు మళ్లీ ప్రయోగించారు. తర్వాత హాఫ్‌లు ఉంచి పది నిమిషాల మార్కు దగ్గర ఫౌల్స్ సున్నా చేసే పద్ధతిని కూడా ఎన్ఐటీలోనే చూశారు. నాకు నచ్చింది ఈ మధ్యదారి. ఫౌల్స్ సమస్య తీరుతుంది, ఆట మధ్యలో అదనపు విరామాలు రావు, బాణం తిప్పే గొడవ పెరగదు.

స్కోరర్_బల్ల
చెప్పడానికి బాగానే ఉంది గానీ, గడియారం పరిగెడుతుండగా 10:00 దాటితే ఫౌల్స్ ఎవరు చెరపాలి? కన్సోల్ దానంతటది చేయదు, ఒకరు కనిపెట్టి కూర్చుని నొక్కాలి. 10:01కి పడ్డ ఫౌల్ పాత లెక్కలోకి, 9:59కి పడ్డది కొత్త లెక్కలోకి. విజిల్ వినబడిన క్షణానికి గడియారం ఎంత ఉందన్నదాని మీద బల్ల దగ్గరే తగాదా. రీప్లే కెమెరా లేని జిమ్‌లో దీన్ని తేల్చేవాళ్లుండరు. బజర్ మోగి ఆట ఆగితే ఈ పేచీ రాదు. అది పెట్టాలంటే, 10:00 దాటాక మొదటిసారి ఆట ఆగినప్పుడే చెరపాలని, పుస్తకంలో అక్కడ అడ్డగీత గీయాలని నియమంలోనే రాయాలి.

పాత_నియమం
ఆట ఆగినప్పుడే చెరపడం అంటే ఒక్కోసారి 8:30 దాకా పాత లెక్క నడుస్తుంది. ఆ ఆటను ఆపిన ఫౌల్ ఏ లెక్కలోకి వస్తుందో కూడా రాయాలి. పాత లెక్కలోకే రావాలంటాను.

బెంచ్_వెనక
పాత లెక్కలోకే అయితే, అది ఏడో ఫౌల్ అయితే వన్-అండ్-వన్ ఇస్తారన్నమాట. అలాగైతే మధ్యదారికి నాకు అభ్యంతరం లేదు. క్వార్టర్లకు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.